నాలుగో సెల్‌లో ఉండిపోయిన నీడ

పొద్దున ఐదింటికి లూమింగ్ పెరట్లో పొయ్యి రాజేసేది. నానిన బియ్యాన్ని తిరగలిలో పోసి, మధ్యమధ్య నీళ్ళు చిలకరిస్తూ, కుడిచేత్తో తిప్పుతూ పిండి చేసేది. ఆరున్నరకల్లా పుటోలు, ఇడ్లీల్లాంటి బియ్యప్పిండి కుడుములు, ఆవిరి మీద పొంగి, కింద వేసిన అరిటాకు వాసన వీధి చివరిదాకా పోయేది. సరిగ్గా ఆమె పిండి చేసే వేళకి, రెండు మైళ్ళ అవతల ఊరి జైల్లో, నాలుగో సెల్ గోడ మీద ఆమె నీడ కూడా వంగి కూచుని తిరగలి తిప్పేది.

"అక్క పిండి రుబ్బుతోంది, లేవండ్రా," అనేవాడు సెల్ మేయరు. మేయరంటే ఖైదీలు తమలోంచి తాము ఎన్నుకున్న పెద్ద. అసలు పేరు ప్లాసిదో. ఇరవై మంది కోసం కట్టిన ఆ సెల్‌లో తొంభై మూడు మంది ఉండేవాళ్ళు. అందరూ ఒక్కసారి పడుకోవడానికి చోటు లేక వంతులేసుకున్నారు. లూమింగ్ నీడ తిరగలి పట్టుకోగానే పడుకున్న సగం లేచేది, గోడలకానుకుని కునికిన సగం నడుం వాల్చేది. గడియారం అక్కర్లేదు వాళ్ళకి.

నీడ అక్కడెందుకు ఉండిపోయిందని ఎవరూ అడగలేదు. అడగడానికేముంది? జైలు గేటు దగ్గర రిజిస్టరులో వచ్చిన టైమూ రాయాలి, వెళ్ళిన టైమూ రాయాలి. వెళ్ళిన టైము రాయకపోతే మనిషి బయటికొచ్చినా నీడ రాదు. ఒకసారి ఒక లాయరు భోజనానికి తొందరపడి రాయకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే తల గోక్కుంటూ వచ్చి, సంతకం గీకి, నీడని వెంటబెట్టుకుని వెళ్ళాడు. గేటు సార్జెంటు ఆయన్ని ఓ అరగంట ఎండలో నిలబెట్టాడట, బుద్ధి రావడానికి.

లూమింగ్ విషయంలో తప్పు ఆమెదీ కాదు, సార్జెంటుదీ కాదు. ఎనిమిదేళ్ళుగా ప్రతి గురువారం ఆమె, ముసలి ఫాదర్ ఎలిసెయో కలిసి జైలుకెళ్ళేవాళ్ళు. ఆయన పూజ చెప్పేవాడు. ఆమె పుటోలు పంచేది, ఉత్తరాలు రాసిపెట్టేది, ఎవరి కేసు ఏ వాయిదాకి పోయిందో గుర్తుపెట్టుకునేది. మార్చిలో ఆ గురువారం పూజ సగంలో ఉండగా విజిల్ ఊదారు. జబ్బు పాకుతోందని దీవి మొత్తం మూసేస్తున్నారనీ, చుట్టాలూ బంధువులూ ఫాదర్లూ అందరూ పది నిమిషాల్లో బయటికి నడవాలనీ కేకలేశారు. ఆ తోపులాటలో రిజిస్టరు దగ్గర ఆగే తీరిక ఎవరికుంటుంది? మిగతావాళ్ళు పరిగెత్తుతూనే గీతలు గీకి పోయారు. లూమింగ్ మాత్రం టెమ్యోంగ్ దగ్గర ఆలస్యమైంది.

టెమ్యోంగ్‌కి అరవై ఒకటి. చక్కెర మిల్లులో రాగి తీగ చుట్టలు మూడు దొంగిలించాడని కేసు. నేరం రుజువైతే పడే శిక్ష ఎక్కువలో ఎక్కువ ఆరేళ్ళు. రుజువు కాకుండానే తొమ్మిదేళ్ళు గడిచాయి. సాక్షి రాలేదని ఒక వాయిదా, జడ్జి బదిలీ అయ్యాడని ఒక వాయిదా, ఫైలు కనపడలేదని రెండు వాయిదాలు. ఆ గురువారం అతను ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఇంక నేను కోర్టుకి వెళ్ళను లూమింగ్. పిలిచినా వెళ్ళను. బేడీలేసి వ్యానులో కూచోబెట్టి, మళ్ళీ తెచ్చి ఇక్కడే పడేస్తారు. దానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు."

"ఈసారి నీ పక్కన నేను నిలబడతానన్నా," అంది ఆమె. "ఒట్టేసి చెప్తున్నాను. నువ్వు లేచి రా చాలు."

ఆ మాట అనేసి, రిజిస్టరు సంగతి మరిచి బయటికొచ్చింది. రోడ్డు మీద మధ్యాహ్నపు ఎండలో ఫాదర్ నీడ ఆయన చెప్పుల కింద ఉంది. తనది లేదు. "సరే, వచ్చే గురువారం తెచ్చుకుంటా," అనుకుంది. ఆ గురువారం రాలేదు. ఆ తర్వాతదీ రాలేదు.

మొదట్లో బాగానే జరిగింది. ఆమె ఏం చేస్తే నీడ అది చేసేది. తాళం వేసిన తలుపు మటుకు దాటలేకపోయేది. జైల్లో ఉన్నాక నీడైనా ఒకటే, మనిషైనా ఒకటే. ఆమె బజారుకి నడిస్తే అది గోడదాకా వెళ్ళి, అక్కడే నిలబడి అడుగులేస్తూ ఉండేది. సాయంత్రం ఐదింటికి లూమింగ్ ఇంట్లో మోకరించి జపమాల తీస్తే అక్కడ నీడ వేళ్ళు పూసలు తిప్పేవి. సెల్ అంతా దాన్ని చూసి జపం చెప్పుకునేది. ఫాదర్ రాకపోయినా, తలుపులు మూసినా, గురువారం పని రోజూ జరిగేది. ఇంకో మేలు కూడా ఉంది. ఏప్రిల్ ఎండలకి రేకుల కప్పు కింద ఊపిరాడని చోట, ఆ నీడ కింద ఒక్కచోటే చల్లగా ఉండేది. జ్వరం వచ్చినవాళ్ళని మేయరు వంతు ప్రకారం దాని కింద పడుకోబెట్టేవాడు.

జైలు నర్సు డెలీ ఇంటికెళ్తూ అప్పుడప్పుడు చీటీలు తెచ్చేది. ఒకదాంట్లో మేయరు రాశాడు: "అక్కా, నిన్న వీపు అంతసేపు గోక్కున్నావు. ఇక్కడ తొంభై మందికి దురదెత్తింది. దయచేసి కొబ్బరినూనె రాసుకో." లూమింగ్ పొయ్యి దగ్గర కూచుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

మేలో జబ్బు జైల్లోకి వచ్చింది. నాలుగో సెల్‌లో మొదటి వారం ఇద్దరు, తర్వాత వారం ఐదుగురు పోయారు. శవాలని సంచుల్లో కట్టి నేరుగా దహనానికి తీసుకెళ్ళారు. దీవి అవతలి ఒడ్డున ఉన్న వాళ్ళ ఆడవాళ్ళకి ఫోనులో చెప్పాల్సిన పని డెలీది. ఒక్కొక్కరికి చెప్పి, కాసేపు మెట్ల మీద కూచుని, తర్వాతి నంబరు నొక్కేది.

జూన్‌లో ఫాదర్ ఎలిసెయో ఆసుపత్రిలో చేరాడు. లూమింగ్ పదకొండు రోజులు అన్నం సగానికి తగ్గించి ప్రార్థించింది. ఆయన్ని బతికించు, బదులుగా ఏమైనా అడుగు, ఇస్తాను అంది. పన్నెండో రోజు పొద్దున చర్చి వంటమనిషి ఫోన్ చేసి చెప్పింది. ఎనిమిదేళ్ళు దిక్కులేనివాళ్ళ చివరి ఘడియల్లో పక్కన కూచున్న మనిషి, పక్కన ఎవరూ లేకుండా పోయాడు. సమాధి దగ్గరికి కూడా ఎవర్నీ రానివ్వలేదు.

ఆ రోజు లూమింగ్ పొయ్యి వెలిగించలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. దేవుడి మీద కోపం కూడా రాలేదామెకి. కోపం వస్తే బాగుండేది, ఎవరో ఒకరు ఎదురుగా ఉన్నట్టుండేది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళ తలుపు తట్టినట్టుంది ఆమెకి. మర్నాడూ లేవలేదు, ఆ మర్నాడూ లేవలేదు. ఎవరో పక్కింటివాళ్ళు గంజి పెడితే తాగింది.

నాలుగో రోజు డెలీ ఫోన్ చేసింది.

"అక్కా, లేవండి."

"ఒంట్లో బాగాలేదమ్మా."

"తెలుసు. గోడ మీద చూస్తూనే ఉన్నాం. మీరు పడుకున్నప్పట్నుంచి సెల్ అంతా పడుకుంది. వంతులు కూడా లేవు, ఒకడి మీద ఒకడు పడున్నారు. టెమ్యోంగ్ అన్న అన్నం ముట్టడం లేదు. మీ నీడ పక్కనే అదే గోడవైపు తిరిగి పడుకున్నాడు."

లూమింగ్ నిజం చెప్పింది. "లేచి ఏం చెయ్యమంటావే? మోకరిస్తే నోటికి ఒక్క ముక్క రావడం లేదు. నాలో ఏమీ మిగల్లేదు డెలీ. ఉన్నదేదో ఫాదరుతో పాటు సంచిలో కట్టి తీసుకుపోయారు."

"నీడకి లోపల ఏముందో తెలీదు గదక్కా," అంది డెలీ. ఆమె గొంతు కూడా అరిగిపోయి ఉంది. "ఉత్తినే మోకరించండి. చేతులు కదపండి. వాళ్ళకి అది చాలు. నేను మాత్రం రోజూ ఏం చేస్తున్నాననుకున్నారు?"

అలా మొదలైంది దొంగ భక్తి. పొద్దున ఐదింటికి లేచి, బియ్యం లేకపోయినా ఖాళీ తిరగలి తిప్పేది. సాయంత్రం ఐదింటికి మోకరించి, మనసులో కూరల ధరల గురించో, కారుతున్న చూరు గురించో ఆలోచిస్తూ పూసలు తిప్పేది. సెల్ అంతటినీ మోసం చేస్తున్నానని సిగ్గుపడేది. అయినా మానలేదు. అక్కడ మళ్ళీ వంతులు మొదలయ్యాయని, జపం చెప్పుకుంటున్నారని డెలీ చెప్పినప్పుడు ఆ సిగ్గు ఇంకా ఎక్కువయ్యేది. టెమ్యోంగ్ మాత్రం రెండు ముద్దలు తిని మళ్ళీ గోడవైపే తిరిగేవాడు.

జూలైలో కబురొచ్చింది. కోర్టు ఫైలు దొరికింది. జడ్జి తెర మీదే విచారణలు జరుపుతున్నారు. మంగళవారం తొమ్మిదింటికి టెమ్యోంగ్ జైలు పైగదిలో కెమెరా ముందు నిలబడి, తన పేరు పిలిస్తే పలకాలి. తొమ్మిదేళ్ళు అయిపోయాయి కాబట్టి అక్కడికక్కడే వదిలేస్తారని లాయరు చెప్పాడు. మనిషి కనపడకపోతే మాత్రం మళ్ళీ వాయిదా, అది నవంబరులోనే.

"నవంబరుదాకా ఆయన ఉండడక్కా," అంది డెలీ సోమవారం సాయంత్రం. "అరచెయ్యంత అయిపోయాడు. మేయరు బతిమాలాడు, నేను తిట్టాను. 'రేపు కూడా ఎవడో ఒకడు రాడు, నన్ను కదపకండి' అంటున్నాడు. మోసుకెళ్దామంటే జ్వరం మనిషి అనుకుని పైగదిలోకి రానివ్వరు. తన కాళ్ళ మీద తను నడిచి రావాలి."

లూమింగ్ ఫోన్ పట్టుకుని వింటూ మంచంకోడు పట్టుకుంది. రెండు రోజులుగా ఆమెకే జ్వరం. వాసన తెలియడం లేదు. ఆ మాట డెలీకి చెప్పలేదు.

"నా నీడ ఎక్కడుంది?"

"ఆయన పక్కనే. గోడవైపు."

"సరే. రేపు తొమ్మిదింటికి అయిదు నిమిషాల ముందు సెల్ తలుపు తీయించు. మధ్యలో గేటు కూడా. మిగతాది నేను చూస్తాను."

ఎలా చూస్తుందో ఆమెకి తెలీదు. ఆ దారి మాత్రం తెలుసు. ఎనిమిదేళ్ళ గురువారాలు నడిచిన దారి. టెమ్యోంగ్ చాప దగ్గర్నుంచి తలుపుకి తొమ్మిది అడుగులు. ఎడమకి తిరిగి, మూడో సెల్, రెండో సెల్, ఒకటో సెల్ దాటుకుంటూ ముప్ఫై నాలుగు. అక్కడ ఊచల గేటు. ఆ తర్వాత పదకొండు మెట్లు.

మంగళవారం పొద్దున తొమ్మిదికి అయిదు నిమిషాల ముందు ఆమె మంచం మీద లేచి కూచుంది. గది గిర్రున తిరిగింది. కాళ్ళు కింద పెట్టి, పక్కనున్న ఖాళీలోకి వంగింది. అక్కడ ఒక మనిషి పడుకున్నట్టే అతని భుజం కింద చెయ్యి పెట్టి, ఇంకో చేత్తో మోచెయ్యి పట్టి, నెమ్మదిగా లేపింది. గాలికి బరువుండదు. అయినా నడుం కలుక్కుమంది. "రా అన్నా," అంది. ఎడమచేయి వెనక్కి చాపి, ముసలివాళ్ళని నడిపించినట్టు, చిన్న అడుగులేసింది. ఒకటి, రెండు, మూడు.

తొమ్మిదో అడుక్కి ఆమె ఇంటి తలుపు దగ్గరుంది. జైల్లో వార్డరు గొళ్ళెం తీయడానికి ఎంతసేపు పడుతుందో తెలుసు కాబట్టి మరియమ్మకి చెప్పే మంగళవార్త జపాలు మూడు చెప్పేంత సేపు ఆగింది. ప్రార్థన కాదది, లెక్క. అతను వెనక ఉన్నాడో లేదో తెలీదు. నీడ ఒక్కతే లేచి నడుస్తోందేమో, ఆయన గోడకేసి చూస్తూ అలాగే పడున్నాడేమో. చాచిన చేతిలో ఏమీ తగల్లేదు. అయినా చెయ్యి దించకుండా ఎడమకి తిరిగి వీధిలోకి నడిచింది.

వీధి మనుషుల్లేక బోసిపోయి ఉంది. అడుగులు పదిహేనులో ఉండగా కావలివాడు కాసియానో కర్ర ఊపుతూ ఎదురొచ్చాడు.

"ఎక్కడికక్కా? పాసేది? ఇవాళ బయటికి రావడానికి మీ వీధి వంతు కాదు."

లూమింగ్ ఆగలేదు. ఆగితే అక్కడ నీడ ఆగుతుంది. పదహారు, పదిహేడు. కాసియానో ఆమె మొహం చూశాడు, చెమట చూశాడు, వెనక్కి చాచిన చెయ్యి చూశాడు. తర్వాత ఎండలో ఆమె కాళ్ళ కింద ఏమీ లేకపోవడం చూశాడు.

"ఎవర్ని తీసుకెళ్తున్నావు?" అన్నాడు, గొంతు తగ్గించి.

"టెమ్యోంగ్‌ని. పైగదికి."

కాసియానో పక్కకి తప్పుకుని, దారికడ్డంగా పడుకున్న కుక్కని కర్రతో అదిలించి, ఆమె కంటే నాలుగడుగులు ముందు నడిచాడు.

ముప్ఫై నాలుగుకి వీధి చివరున్న చిన్న చర్చి వచ్చింది. తలుపుకి గొలుసు వేసి ఉంది. లూమింగ్ అక్కడ జైల్లో ఊచల గేటు తీసేంతసేపు ఆగి, మెట్లెక్కడం మొదలుపెట్టింది. రెండో మెట్టు మీద మోకాలు మడతపడింది, ఐదో మెట్టు మీద మళ్ళీ. చర్చికి ఏడే మెట్లున్నాయి. మిగిలిన నాలుగూ ఆమె మూసిన తలుపు ముందు నిలబడి, ఒక్కో మోకాలూ ఎత్తి దించుతూ, ఉన్నచోటే ఎక్కింది. తర్వాత నిటారుగా నిలబడింది. నేను నీ పక్కన నిలబడతానన్నా అని మాటిచ్చింది కాబట్టి, నిలబడింది.

ఎంతసేపు నిలబడిందో ఆమెకి తెలీదు. గొలుసు రెండు గొలుసులైంది, తలుపు దూరంగా జరిగింది. ఇంకా కాదు, ఇంకాసేపు అనుకుంటూనే పక్కకి ఒరిగి మెట్ల మీద పడిపోయింది. పడుతూ ఆమెకి కలిగింది నొప్పి కాదు. ఇప్పుడక్కడ నీడ కూడా అందరి ముందూ కుప్పకూలి ఉంటుందని, అది చూసి అతను కూడా కూచుండిపోయి ఉంటాడని దిగులు. చివరికి అంతే చేశాను అనుకుంది. సగం దారిలో వదిలేశాను.

కాసియానో ఆమెని తన సైడ్‌కారు బండిలో ఇంటికి చేర్చి, పక్కింటావిడ చేత మొహం మీద నీళ్ళు చల్లించి, కిటికీ బయట కూచున్నాడు. మధ్యాహ్నం రెండింటికి ఫోన్ మోగితే అతనే కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు.

"వదిలేశారక్కా," అంది డెలీ. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. "జడ్జిగారు రెండే మాటలు మాట్లాడారు. కాగితాలు రేపు పొద్దున వస్తాయి. ఆయన ప్లేటు అడిగి తెప్పించుకుని అన్నం తింటున్నాడు."

లూమింగ్‌కి అర్థం కాలేదు. "ఆయన వచ్చాడా?"

"మీరు లేపగానే లేచాడు. మెట్ల మీద మీ నీడ రెండుసార్లు తడబడింది. ఆయనే దాని మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఎవరు ఎవర్ని తీసుకొచ్చారో నేనైతే చెప్పలేను."

"పేరు ఎప్పుడు పిలిచారు?"

"ముందు కేసులు సాగాయి. మనది పదీ ఇరవైకి."

లూమింగ్ కిటికీకేసి చూసింది. "కాసియానో, నేను పడ్డప్పుడు టైమెంత?"

"తొమ్మిదిన్నర," అన్నాడు అతను. "రేడియోలో వార్తలొస్తున్నాయి."

"మీరు పడిపోయారా అక్కా?" అంది డెలీ. "ఇక్కడ అది పడలేదు. ఆయన పక్కనే నిలబడి ఉంది. పేరు పిలిచేదాకా కదల్లేదు. ఇప్పుడు కూడా నిలబడే ఉంది, సెల్ దగ్గర."

కాసియానో ఫోన్ తీసేశాడు. లూమింగ్ కప్పుకేసి చూస్తూ పడుకుంది. ఆమె చేసేదే అది చేస్తుందని ఇన్నాళ్ళూ అనుకుంది. తనలో ఏమీ లేదని, ఉన్నట్టు నటిస్తున్నానని సిగ్గుపడింది. ఇప్పుడు ఏమనుకోవాలో తెలియలేదు. జ్వరం తగ్గలేదు. ఫాదర్ తిరిగి రాడు, ఆ ఏడుగురూ రారు, రేపు ఇంకెవరి పేరు వస్తుందో తెలీదు. ఇవేవీ మారలేదు.

ఐదయింది. లేచి మోకరించాలని చూసింది, మెడ కూడా లేవలేదు. ఈ పూటకి నటించడం కూడా కాదు, వాళ్ళు క్షమించాలి అనుకుని కళ్ళు మూసుకుంది.

అప్పుడు దుప్పటి మీద ఉన్న ఆమె కుడిచేయి లేచింది. ఆమె లేపలేదు. ఎడమచేయి వచ్చి దాని పక్కన చేరింది. రెండు చేతుల వేళ్ళూ దగ్గరై, లేని జపమాలని పట్టుకుని, ఒక్కొక్క పూసే తిప్పడం మొదలుపెట్టాయి, నిదానంగా, రెండు మైళ్ళ అవతల ఎవరో మోకరించి తిప్పుతున్నట్టు. లూమింగ్ వాటికేసి చాలాసేపు చూసింది. తర్వాత, పాపం ఆ చేతుల్ని అలా ఒంటరిగా వదిలెయ్యడం బాగుండదనిపించి, జపం మాటలు తను అందుకుంది.